గవర్రాజు భుజం పట్టీ

ఆ శనివారం పొద్దున్న గవర్రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, ఒళ్ళు తుడుచుకోవాలి, ఎడమ భుజానికి పట్టీ అంటించుకోవాలి, కాంతం చూసేలోగా చొక్కా తొడుక్కోవాలి. పోర్టులో అంతెత్తు క్రేను మీద కూర్చుని ఓడల్లోంచి బొగ్గు తోడే మనిషికి ఇదేమంత పెద్ద పని కాదు. కాని పెళ్ళాం దగ్గర ఏదైనా దాచవలసి వస్తే గవర్రాజుకి ఏ పనీ తిన్నగా సాగదు. పట్టీ వంకరగా అంటుకుంది. దాన్ని పీకి సరిచేసేలోపు కాంతం తడి తువ్వాలు కోసం గదిలోకి వచ్చేసింది.

"ఏటయ్యా అది?"

"ఏది?"

"నీ బుజానికి. ఆ బిళ్ళేటి?"

"ఇదా? బుజం నొప్పికి పట్టీ. లీవర్లు లాగీ లాగీ పట్టీసింది. డాక్టరమ్మ ఇచ్చింది."

"మరి నాతో సెప్పనేదేటి?"

"నువ్వు బెంగెట్టుకుంతావని."

పాతికేళ్ళ కాపురంలో తన బెంగ గురించి మొగుడు ఆలోచించడం కాంతానికి అదే మొదటిసారి. మురిసిపోయి, ఆ పూట ఉప్మాలో జీడిపప్పు వేసింది. అబద్ధం అంతటితో ఆగి ఉంటే మనకీ కథ ఉండేది కాదు, ముడసర్లోవ దగ్గర పోలీసులు పులిహోర గుండిగని జీపెక్కించవలసిన అవసరమూ ఉండేది కాదు.

నిజానికి గవర్రాజు భుజాలకి ఏ రోగమూ లేదు. ఆ పట్టీ సిగరెట్టు మాన్పించేది. తమాషా ఏమిటంటే, లోకం దృష్టిలో గవర్రాజు సిగరెట్టు మానేసి ఏడాది దాటిపోయింది. మానేశానని చెప్పింది అతనే, చెప్పించింది చేప.

రెండేళ్ళ కిందట అతని దగ్గు వినలేక కాంతం సింహాచలం వెళ్ళి, "అప్పన్నా, మా ఆయన సిగరెట్లు మానీవరకూ నాను సేప ముట్టను. మానీసినాడంటే నీ కొండ సుట్టూ నడిసి తిరుగుతాను" అని మొక్కుకుంది. కాంతం ముట్టదంటే కాంతం వండదు. వండే మనిషి వండకపోతే మిగతావాళ్ళు ముట్టడానికి ఇంట్లో ఏమీ ఉండదు. పగలంతా సముద్రం గాలి పీల్చి, ఇంటికొచ్చి ఆనపకాయ పులుసు తినడమంటే మనిషన్నవాడికి చిన్న శిక్ష కాదు. పక్కింట్లో నెత్తళ్ళ చేపలు వేగుతుంటే గవర్రాజు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. కొన్నాళ్ళు చూసి, ఒక ఆదివారం పొద్దున్న "సిగరెట్లు మానీసినాను" అని ప్రకటించాడు. మధ్యాహ్నానికల్లా వంజరం పులుసు ఉడికింది. ఆ పులుసు తిని, పోర్టు గేటు బయట టీ కొట్టు వెనక్కి వెళ్ళి గవర్రాజు హాయిగా ఒక సిగరెట్టు కాల్చాడు. ఆ తరవాత నోట్లో సోంపు, ఇంటికి రాగానే తలంటు. పోర్టు దుమ్మంటే కాంతం నమ్మేది.

కొండ చుట్టూ తిరగడం నిరుడే జరగవలసింది. ఇంట్లో మైల వచ్చి ఆగింది. ఈ ఏడు ఆషాఢ పున్నమి దగ్గర పడుతున్నకొద్దీ గవర్రాజుకి గుండెల్లో రాయి పడింది. చేప ముక్క కోసం పెళ్ళానికి అబద్ధం చెప్పడం ఒకటి. ఆ పెళ్ళాం కొండ చుట్టూ ఇరవై మైళ్ళు కాళ్ళీడ్చుకుంటూ తిరిగి, ఆ అబద్ధానికి దేవుడికి దణ్ణాలు పెట్టడం ఇంకొకటి. పైగా అప్పన్న మామూలు దేవుడా? స్తంభం బద్దలుకొట్టుకుని వచ్చినవాడు. ఏడాది పొడుగునా చందనం పూసి చల్లబరిస్తే తప్ప నిమ్మళించనివాడు. అందుకని గవర్రాజు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం ఎలాగూ కుదరదు కాబట్టి, పున్నమిలోగా దాన్ని నిజం చేసెయ్యాలి.

దారి చూపించింది కాంతం తమ్ముడు నాగవంశీ. ఓడల్లో ఇంజినీరు, ఊరూరా తిరిగినవాడు. "బావా, ఆస్ట్రేలియాలో డాక్టర్లే సీటీ రాసి ఆవిరి సిగరెట్టు ఇత్తారు. అది పీల్సుకుంటా అసలుది మానీయొచ్చు. నువ్వు బేగి డాక్టరు కాడికి ఎల్లు" అన్నాడు. సిగరెట్టు మానడానికి డాక్టరే సిగరెట్టు ఇచ్చే దేశం ఒకటుందని విని గవర్రాజుకి ఒళ్ళు పులకరించింది. మర్నాడే డాక్టర్ హిమబిందు ముందు కూర్చుని అదే అడిగాడు.

"అక్కడి రూలు అక్కడిది. ఇక్కడ అది అమ్మడమే నేరం," అంది డాక్టరు. "నేను రాసిస్తే మీరు సిగరెట్టు మానతారో లేదో గాని, నేను ప్రాక్టీసు మానాలి. మీకు పట్టీలు రాస్తాను. రోజుకొకటి భుజానికి అంటించుకోండి. ఇందులో నికోటిన్ ఉంటుంది, చర్మంలోంచి కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. పొగ మీద యావ తగ్గుతుంది."

"పొగ రాదాండీ?"

"రాదు."

"కొంచెం కూడానా?"

"గవర్రాజు గారూ, ఇది మందు. ఇంకో మాట. పొగాకు అలవాటు లేనివాళ్ళకి ఇది పడదు, కడుపులో తిప్పి వాంతులవుతాయి. ఇంట్లో ఎవరికీ ఇవ్వకండి."

గవర్రాజు కోర్సుకి సరిపడా పట్టీలు ఒకేసారి కొని, పెట్టెలు పారేసి, పట్టీలన్నీ పాత నొప్పుల ప్లాస్టర్ల డబ్బాలోకి మార్చాడు. ఆశ్చర్యంగా అవి పనిచేశాయి కూడా. టీ కొట్టు వెనకాల మిత్రులు రమ్మన్నా కాలు కదలలేదు. కూరలో కరివేపాకు వాసన తెలియడం మొదలైంది. గవర్రాజుకి గర్వంగానే ఉంది గాని, ఆ గర్వం చెప్పుకోవడానికి మనిషి లేడు. ఏడాది కిందటే మానేసినవాడు ఇప్పుడు మళ్ళీ మానేశానని ఎవరితో చెప్పుకుంటాడు?

కాంతం ఆ పట్టీ చూసిన నాటికే కాలనీ ఆడవాళ్ళు ప్రదక్షిణ కోసం నడక సాధన మొదలుపెట్టారు. దీనికి నాయకురాలు శ్రీసత్య గారు. భీమవరం వైపు మనిషి, భజన మండలి అధ్యక్షురాలు. ఆవిడ భర్త అర్జునరావు గారు ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరై కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. కాలనీలో 'ఇచ్చట పొగ త్రాగరాదు' అన్న బోర్డులన్నీ ఆయన వేయించినవే. ఆ దంపతుల వెనక పొద్దున్నే పెందుర్తి రోడ్డు మీద నడిచి వచ్చేసరికి కాంతం మోకాళ్ళు పొంగాయి.

"ఆ పట్టీ నాకొకటి ఇయ్యవయ్యా."

"ఇది బుజాలకే."

"ఏం, బుజంలో ఉన్నాది ఎముకే, మోకాల్లో ఉన్నాదీ ఎముకే. నీ నొప్పికి పన్జేసింది నా నొప్పికి పన్జెయ్యదేటి?"

గవర్రాజు డబ్బాకి మూత బిగించి గూట్లో పెట్టేశాడు. నిజమైన జవాబు చెప్పడానికి వీల్లేదు. అతను డ్యూటీకి వెళ్ళగానే కాంతం డబ్బా తీసి మోకాలికొకటి చొప్పున రెండు అంటించుకుంది. సాయంత్రం గవర్రాజుకి సంగతి తెలిసింది. కాంతం ఇప్పుడు కక్కుతుంది, ఇంకాసేపట్లో కళ్ళు తిరిగి పడిపోతుంది అని వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. కాంతం పాట పాడుకుంటూ చేపలు తోముతోంది.

"నీకు కడుపులో ఏటైనా తిప్పుతన్నాదా?"

"నాకా? పేణం గాల్లో తేలిపోతన్నాది. సక్కటి మందయ్యా!"

అప్పన్నే కాపాడాడనుకున్నాడు గవర్రాజు. ఆ మాత్రం అనుమానం లేకుండా ఎలా ఉన్నాడని పాఠకులు అడగవచ్చు. తన తప్పు దాచుకునే తొందరలో ఉన్నవాడికి ఎదుటివాళ్ళ వైపు చూసే తీరిక ఉండదు.

తరవాతి వంతు అతని తల్లి చిలకమ్మది. తగరపువలస దగ్గర పల్లెలో పుట్టిన చిలకమ్మ అడ్డపొగ మనిషి. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చే రకం. కొత్తవాళ్ళు చూస్తే భయపడతారు గాని ఆ వైపు ముసలమ్మలకి అది మంచినీళ్ళ ప్రాయం. చిలకమ్మ చుట్ట మానతానని ఎన్నడూ అనలేదు, మానమని అడిగే ధైర్యం కొడుక్కీ లేదు. కోడలి దగ్గర రెండు పట్టీలు లాక్కుని మోకాళ్ళకి వేసుకుని, మర్నాడు అరుగు మీద కూర్చుని ఎదురింటి దేముడమ్మని పిలిచి చెప్పింది.

"నొప్పి ఉన్నాదే. ఉన్నాది గానీ ఖాతరు నేదు. సుట్ట మీదకి కూడా మనసు పోతనేదు సూడు."

దేముడమ్మదీ చుట్ట బాపతే. ఆవిడా రెండు పట్టీలు వేసుకుంది, ఆవిడకీ ఖాతరు లేకుండా పోయింది. పట్టీల మహిమని ఇలా ముగ్గురు పరీక్షించి ముగ్గురూ భేషన్నారు. ఇంత మంచి ఫలితం వచ్చాక కాలనీ ఊరుకుంటుందా? శ్రీసత్య గారే స్వయంగా వచ్చి, "కాంతం గారూ, ప్రదక్షిణ రోజుకి మన బృందం అందరికీ మీవారి చేత ఆ పట్టీలు తెప్పించండి, పుణ్యం ఉంటుంది" అంది.

గవర్రాజు మెడికల్ షాపుకి పరుగెత్తి అసలైన నొప్పుల ప్లాస్టర్లు కొనుక్కొచ్చాడు. బీరువా వెనక తన డబ్బా దాచి, ఆ ప్లాస్టర్లు భార్య చేతిలో పెట్టాడు. ఇంతకన్నా తెలివైన పని తన జన్మలో చెయ్యలేదనుకున్నాడు. చిలకమ్మ ఒకటి వేసుకుని చూసి, మంటకి గంతులేసి, పీకి అవతల పారేసింది.

"ఇది కాదురా, ఇది ఉత్త మంట. మంచిదంతా నువ్వే దాసుకుంతన్నావేటి?"

"అయిపోయినాయమా."

"అవునవును," అంది తల్లి, కొడుకుని చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషిలా.

పున్నమికి ముందు రోజు గవర్రాజుకి నైట్ డ్యూటీ పడింది. తెల్లారాక అటునుంచి అటే బస్సెక్కి సింహాచలం కొండ కింద తొలిపావంచ మెట్టు దగ్గరికి వచ్చి బృందాన్ని కలుసుకునేట్టు ఏర్పాటు. పాత పట్టీ తీసేశాడు, ఒక్కటే మిగిలిందన్న వంకతో కొత్తది కాంతం తెచ్చే సంచిలో ముందే పెట్టించాడు. వేల మంది జనం, గోవింద నామాలు, కొబ్బరికాయల చిప్పలు. ఆ తొక్కిడిలో కాంతం కొత్త చీరలో మెరిసిపోతూ ఎదురొచ్చింది.

"నా బుజం పట్టీ తెచ్చినావా?"

"ఇంకెక్కడి పట్టీ? నువ్వు బీరువా ఎనకాల దాసిన డబ్బా దొరికింది. అందరికీ రెండేసి పంచీసినాను. పాపం, మొక్కుకున్నోళ్ళు, ఆళ్ళ కాళ్ళకన్నా నీ బుజం ఎక్కువేటి? నీకు ఈ కొత్తవి తెచ్చినాను, ఇదిగో." అంటూ ఉత్త మంట ప్లాస్టరు చేతిలో పెట్టింది.

గవర్రాజు బృందం వైపు చూశాడు. ఆడవాళ్ళ చీరల కింద ఏముందో కనబడలేదు గాని, పొట్టి ప్యాంటు వేసుకున్న అర్జునరావు గారి రెండు మోకాళ్ళ మీదా తన రెండు పట్టీలు తళతళలాడుతున్నాయి. నోరు విప్పితే మొక్కు పోతుంది, కాంతం ముందు పరువు పోతుంది, ఆ పైన చేపల సంగతి చెప్పనక్కర్లేదు. నోరు మూసుకుంటే ఇంతమందీ ఇరవై మైళ్ళ దారిలో ఎక్కడో ఒకచోట కూలబడతారు. మధ్యే మార్గం కోసం శ్రీసత్య గారి దగ్గరికి నడిచాడు.

"అమ్మా, కొండ సుట్టూ తిరిగినప్పుడు ఒంటి మీద మందుండకూడదటండి. మొక్కు సెల్లదట."

"ఎవరు చెప్పారండీ?"

"అంటే... అందరూ అంతన్నారు."

అర్జునరావు గారు అందుకున్నాడు. "మందు వేరు, మత్తు వేరు గవర్రాజు గారూ. పొగాకూ సారా లాంటివి ఒంట్లో ఉంటే అపచారం. మోకాలికి మందు రాసుకుంటే దేవుడేమీ అనుకోడు. పదండి పదండి, ఎండెక్కుతుంది."

కొబ్బరికాయలు కొట్టి బయలుదేరారు. అడివివరం దాటాక జగ్గయ్య అనే ముసలి ఆసామి దారి పక్కన పందిరి వేసి పులిహోర పంచుతున్నాడు. ప్రతి ఏడాదీ పెద్ద గుండిగ నిండా కలిపి నడిచేవాళ్ళకి పెట్టడం ఆయన మొక్కు. చేతులు పట్టుకుని మరీ పెట్టాడు, అందరూ తిన్నారు. గవర్రాజు మాత్రం తన ఆకు పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. పట్టీ లేని ఒళ్ళు సిగరెట్టు కావాలని పీకుతోంది, కళ్ళు శ్రీసత్య గారి మొహంలో రంగుని కనిపెడుతున్నాయి. ఆ మొహం ముందు తెల్లబడింది, తరవాత పచ్చబడింది. ముడసర్లోవ మలుపులో ఆవిడ "గోవిందా" అనబోయి, ఆ మాట సగంలో ఆపి, రోడ్డు పక్కకి పరుగెత్తింది.

ఆవిడ వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక ఇద్దరు. కాసేపట్లో భజన మండలి మొత్తం తుప్పల వైపు తిరిగి వరసగా వంగింది. కాంతం నీళ్ళ సీసా పట్టుకుని ఒక్కొక్కరి వీపూ నిమురుతూ పరుగులు పెట్టింది. వెనక వచ్చేవాళ్ళు ఆగారు.

"ఏటయ్యింది?"

"పులిహోర తిన్నారట!"

ఆ ఒక్క మాట చాలింది. ఫోన్లు పైకి లేచాయి. 'పులిహోరలో విషం, భక్తులు జాగ్రత్త' అన్న కబురు జనం కన్నా ముందే కొండ చుట్టూ తిరిగొచ్చింది. అప్పటిదాకా పులిహోర తిని నిక్షేపంలా నడుస్తున్నవాళ్ళు ఫోను చూసుకుని, పొట్ట పట్టుకుని, తుప్పల్లో చోటు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పట్టీతో ఏ సంబంధమూ లేని వాళ్ళు కూడా పట్టీలవాళ్ళ కన్నా గట్టిగా కక్కారు. ఒక పెద్దమనిషయితే పులిహోర తినకుండానే, కేవలం వాసన చూసినందుకు కక్కాడు. పోలీసు జీపు వచ్చింది. గుండిగని ఇద్దరు కానిస్టేబుళ్ళు మోసుకొచ్చి సాక్ష్యం కింద వెనక సీట్లో కూర్చోబెట్టారు. గుండిగ వెనకే జనం జగ్గయ్యని కూడా లాక్కొచ్చారు.

"నానేటి సేసినాను బాబూ! మీతో పాటూ నానూ తిన్నాను! అప్పన్న మీదొట్టు!" అని జగ్గయ్య ఏడుస్తున్నాడు. ఎవడో ఆయన కాలరు పట్టుకున్నాడు, ఇంకెవడో చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి చూశాక గవర్రాజులో ఏదో తెగింది. చేపలు గుర్తు రాలేదు, మొక్కు గుర్తు రాలేదు. ముసలాయన మొహం మీద కన్నీళ్ళు మాత్రం కనిపించాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"ఆయన్నొగ్గీయండి! పులిహోర కాదు! నావల్ల! నా పట్టీలవల్ల!"

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైన మనిషి రోడ్డు పక్క భక్తుల కోసం వేసిన మెడికల్ క్యాంపు పందిరిలోంచి బయటికి వచ్చింది. ఆ రోజు అక్కడ ఉచిత సేవకి వచ్చిన డాక్టరు హిమబిందే. చేతిలో శ్రీసత్య గారి మోకాలి నుంచి అప్పుడే పీకిన పట్టీ ఉంది.

"ఇంట్లో ఎవరికీ ఇవ్వొద్దన్నాను కదండీ?"

"ఇంట్లో కాదండీ," అన్నాడు గవర్రాజు నీరసంగా, "ఊరందరికీ."

"ఇవి మోకాళ్ళవి కావు," అంది డాక్టరు జనానికి వినబడేట్టు. "సిగరెట్టు మానడానికి ఈయనకి నేనిచ్చినవి. భయం లేదు. పట్టీలు పీకేసి, సబ్బుతో కడుక్కుని, నీడలో కూర్చోండి. సర్దుకుంటుంది."

కాంతం చేతిలో నీళ్ళ సీసా అలాగే ఉండిపోయింది.

"సిగరెట్టు మానడానికా? నువ్వు నిరుడే మానీసినావు కదా?"

"నిరుడు అబద్దం సెప్పినాను కాంతం. నిజంగా మానింది ఇప్పుడే, ఈ పట్టీలు ఏసుకున్న కాడ నుండి."

"అప్పన్న పేరు సెప్పి నాసేత అబద్దపు సేపలు తినిపించీసినావా? ఏడాదిగా?"

"నువ్వు నా అబద్దానికి కొండ సుట్టూ తిరిగితే సూడలేననే ఈ పాట్లన్నీ పడినాను. నిజం సెయ్యాలనే అనుకున్నాను. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టెట్టకు! ఇప్పటికే దేవుడికి సెప్పిన అబద్దాలు సాలు!"

కాంతం ఏడ్చింది. వాంతులు చేసుకుంటున్నవాళ్ళు కూడా కాసేపు ఆపి విన్నారు. ఆడవాళ్ళంతా కాంతం పక్షం చేరారు, అర్జునరావు గారు తల పంకించి, "పొగాకు మనిషిని ఎంత దిగజారుస్తుందో చూశారా?" అన్నాడు. గవర్రాజు తల దించుకుని నిలబడ్డాడు.

"మీ గొడవ తరవాత చూసుకోండి," అంది డాక్టరు విసుగ్గా. "పట్టీలు వేసుకున్నవాళ్ళలో ఏమీ కానివాళ్ళు ఎవరైనా ఉంటే ఇటు పక్కకి రండి. నాకు పేషెంట్ల లెక్క తేలాలి. ఒంటికి పొగాకు అలవాటుంటే ఇవేమీ చెయ్యవు, కంగారు పడకండి."

చిలకమ్మా దేముడమ్మా నిబ్బరంగా వచ్చి పక్కన నిలబడ్డారు. వాళ్ళ చుట్టల సంగతి లోకమెరిగిందే. ఆ తరవాత డాక్టరు చూపు ఆగింది పొట్టి ప్యాంటు మీద. రెండు మోకాళ్ళకీ రెండు పట్టీలతో, గులాబీ రంగు మొహంతో, పొద్దుటి నుంచీ ఒక్క తేనుపైనా తేన్చని అర్జునరావు గారు అందరికన్నా ఆరోగ్యంగా నిలబడి ఉన్నాడు.

"మీకేం అనిపించడం లేదాండీ?" అంది డాక్టరు.

"నాది... రోజూ యోగా చేసే ఒళ్ళండీ," అన్నాడాయన.

పందిరి నీడలో కూలబడ్డ శ్రీసత్య గారు పచ్చటి మొహంతో మెల్లిగా లేచి నిలబడింది. "సాయంత్రం పూట బోర్డులు తుడవడానికి వెళ్తానంటారు," అంది డాక్టరుతో. "అన్ని బోర్డులు అంతసేపు ఎందుకు తుడుస్తారా అనుకునేదాన్ని." అర్జునరావు గారు వంగి మోకాళ్ళ పట్టీలు పీక్కోవడం మొదలుపెట్టాడు.

నవ్వుల మధ్య గవర్రాజు నవ్వలేదు. డాక్టరు చెప్పిన మాటే బుర్రలో మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. వంటింట్లో పాట పాడుకుంటూ చేపలు తోమిన కాంతం, పేణం గాల్లో తేలిపోతోందన్న కాంతం, ఇవాళ రెండు పట్టీలేసుకుని ఊరందరి వీపులూ నిమిరిన కాంతం. తలెత్తి భార్య వైపు చూశాడు. భార్య ఠక్కున కళ్ళు తుడుచుకుని పొట్ట పట్టుకుంది.

"అమ్మో, నాకూ తిప్పుతన్నాది!"

వంగింది. గట్టిగా ప్రయత్నించింది. జనమంతా ఓపిగ్గా ఎదురుచూశారు. ఏమీ రాలేదు.

"సాల్లేవే, లెగు," అంది చిలకమ్మ. "రానిది ఎక్కడ నుండి ఒత్తాది? నా కట్టలో సుట్టలు తగ్గిపోతంటే ఎలకలు కాలుత్తన్నాయని అనుకున్నానేటి?"

"అత్తా!"

"నిప్పు నోట్లో ఎట్టుకుంటే ఎవులికీ అగుపడదని పెరట్లో కూకుంతాది," అని చిలకమ్మ డాక్టరుకి వివరించింది. "నానే నేర్పినాన్లెండమ్మా, పన్ను నొప్పంటే."

కాంతం తప్పదని తలెత్తింది. "పన్ను నొప్పికే మొదలెట్టినాను. పన్ను పీకీసినారు, సుట్ట ఉండిపోయింది. ఇంట్లో వాసనొత్తే అత్తదనుకుంతారులే అనీసి... అయినా నాను మొక్కింది నీ సిగరెట్టుకి. నా సుట్టకి నాను మొక్కనేదు కదా!"

ఈ వాదనలో తప్పు పట్టుకోవడం అక్కడున్న కానిస్టేబుళ్ళకి కూడా చేతకాలేదు. గవర్రాజుకి కోపం రావలసింది. వచ్చింది కూడా, అయితే అది బయటికి వచ్చేసరికి నవ్వయింది. అతను నవ్వడం చూసి కాంతానికి మళ్ళీ ఏడుపొచ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఏడాదిగా ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలు ఒకరికొకరు భయపడుతూ సోంపు నములుతున్నారన్నమాట.

"ఇద్దరూ సోమవారం రండి," అంది హిమబిందు. "ఇద్దరికీ రాస్తాను. పెద్దావిడా, మీరు కూడా. ఆ అడ్డపొగ వల్ల అంగిట్లో పుళ్ళు లేస్తాయి."

"మోకాలికి ఇత్తానంటే ఒత్తాను," అంది చిలకమ్మ.

జీపులోంచి గుండిగ దిగింది. గవర్రాజు వెళ్ళి జగ్గయ్య కాళ్ళ మీద పడబోతే, జగ్గయ్య పట్టుకుని లేపి, "ముందు తిను బాబూ, నువ్వు తింతే గానీ ఈ జనం నమ్మరు" అన్నాడు. గవర్రాజు అందరూ చూస్తుండగా మూడు ఆకుల పులిహోర తిన్నాడు. ఇందాక చెయ్యెత్తినవాడు నాలుగాకులు తిన్నాడు.

సగంలో వెనక్కి తిరగడం ఆచారం కాదు కాబట్టి ప్రదక్షిణ ఆగలేదు. మొదట మొగుడూ పెళ్ళాం మధ్య జనం పట్టేంత దూరం ఉంది. మాధవధార దాటేసరికి ఆ దూరం మూరెడయింది. అక్కడ కాంతమే మాట్లాడింది.

"ఇంతకీ అప్పన్నకి ఏటని సెప్పుకుందుమయ్యా?"

"ఉన్నాది సెప్పుకుందుం. నాకు భయమేసి ఇన్నాళ్ళూ నీకాడ దాసినాను. ఇంక దాయను."

"అయితే కొత్త మొక్కు మొక్కుతాను. ఇద్దరం మానీవరకూ ఇద్దరం సేప ముట్టకూడదు."

గవర్రాజు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, సరేనన్నాడు.

ఆ మొక్కు ఇంకా నడుస్తూనే ఉంది. మొగుడు ఒకసారి జారితే పెళ్ళాం పట్టుకుంటుంది, పెళ్ళాం పెరట్లోకి వెళ్తే మొగుడు వెనకాలే వెళ్తాడు, ఇద్దరూ డాక్టరు దగ్గర ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. ఆనపకాయ పులుసు మళ్ళీ ఇంటికొచ్చింది. చిలకమ్మ మాత్రం మోకాళ్ళ కోసమని పట్టీల కోర్సు పూర్తిచేసి, చుట్టల కట్ట దేముడమ్మకి ఇచ్చేసి, తన మట్టుకు తాను చేపలు తెప్పించుకుని వండుకుని, కొడుకూ కోడలి ఎదురుగానే కూర్చుని తింటోంది. ఇప్పటికి ఆ ఇంట్లో పొగ పూర్తిగా మానేసిన మనిషి ఆవిడొక్కతే, మానతానని ఏ దేవుడికీ మాటివ్వని మనిషీ ఆవిడే.